సూది చెప్పునది, చెప్పనిది

ఆకసమున వింతవెలుగు గానవచ్చెనన్న వార్త యే యూరనైనను క్షణములో వీథివీథికి ప్రాకును. 1947 జూను 24వ తేదీన అమెరికాలో నొక విమానచోదకుడు మిక్కిలి వేగముగా బోవు తొమ్మిది వస్తువులను జూచితినని చెప్పగా, పత్రికలు వానిని ఎగిరెడు పళ్లెములనెను. అట్టివి దాపునకు వచ్చినపుడు దిక్సూచి చెదరెనని తరువాత కొందఱు చెప్పిరి. అందుచే వానిని పసిగట్టు యంత్రములను ఇంటనే చేయు వేడుక పుట్టినది.

ఆ యంత్రము కష్టమైనది కాదు. చిన్న ఉక్కు అయస్కాంతపు కడ్డీని విద్యుత్తీగలోని వెండ్రుకవంటి రాగిపోగుతో, గాలి సోకకుండ, గాజుసీసాలో వ్రేలాడదీయుదురు. అది ఉత్తరదక్షిణములుగా నిలుచును. దాని కొనకు ఇరుప్రక్కల రాగితీగెలు నిలిపి, ఆ పోగునకును ఈ తీగెలకును నడుమ బ్యాటరీని, గంటను కలుపుదురు. కడ్డీ కదలి తీగెను దాకినచో గంట మ్రోగును.

నిరుడు వేసవిలో సూర్యాపేటయందలి మా యింట తొమ్మిదవ తరగతి చదువు మా పెద్దమ్మాయి దీనిని చేసినది. మూడవనాటి నడురేయి గంట మ్రోగెను. మా అత్తగారు భయపడిరి. పిల్లలున్న యింట ఇట్టిది తగదని ఇరుగుపొరుగువారనిరి. దానిని అటకమీద బెట్టుదమని మావారును అన్నారు. పిల్ల కన్నీరు బెట్టుకొన్నది. "ఒక్క నెల గడువిండు; మ్రోగినప్పుడెల్ల వేళను, అప్పుడు చెంత కదలిన వస్తువును వ్రాసి యుంచును" అని నేను వేడితిని.

పొగను జూచి నిప్పు నూహించుట తర్కసంగ్రహము చదివిన వారెఱిగినదే. కాని పెక్కు కారణములకు పొత్తైన గుర్తును బట్టి యొక్క కారణమునే నిశ్చయించుట దోషము, దానిని సవ్యభిచారమందురు. సూది కదలుట అట్టి గుర్తు.

నెల ముగియునప్పటికి గంట పదునొకండు మాఱులు మ్రోగెను. ఏడుమాఱులు పొరుగింటివారి మోటారుసైకిలు గోడప్రక్కకు వచ్చినది. మూడుమాఱులు ఇనుపబీరువా తలుపు తెఱచితిమి. మిగిలిన దానికి ఎదుట "తెలియదు" అని వ్రాసినది. కోదాడలో రహదారి చెంతనున్న మా చెల్లెలింటను, మిర్యాలగూడలో బియ్యపుమిల్లుల దాపుననున్న ఆమె ఆడపడుచు ఇంటను పిల్లలు అట్టివే చేసిరి. అచ్చట లారీలు గుమ్మము ముందుగా సాగినప్పుడే గంటలు మ్రోగెనట.

పెద్ద పరిశీలనాలయములకును ఈ చిక్కు తప్పలేదు. బొంబాయిలోని కొలాబాయందు 1841 నుండి భూమి అయస్కాంతబలమును కొలుచుచుండిరి. ట్రాములు విద్యుత్తుచే నడువనున్నవని తెలిసి, 1904లో అలీబాగునందు క్రొత్త పరిశీలనాలయమును నెలకొల్పిరి. మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు ఉప్పల్‌నందే కాక, సూర్యాపేట త్రోవలోని చౌటుప్పల్‌నందును పరిశీలనాలయము గలదు.

సూర్యుని అలజడియు సూదిని తాకును. 2024 మే 10, 11 తేదీల సౌరతుపాను రెండు దశాబ్దములలో మిక్కిలి పెద్దది. లడఖ్‌లోని హాన్లేలో ఎఱ్ఱని కాంతి గానవచ్చెను. అయినను మన ప్రాంతమున అట్టి తుపాను భూబలమును నూటికొక పాలు తగ్గించునే గాని సూదిని అంతగా ద్రిప్పదు. ఇంటి గంట దానిని పట్టజాలదు.

వింత కానవచ్చినను సూది మౌనముగా నుండవచ్చును. 2022 డిసెంబరులో హైదరాబాదు మీద జనులను కలవరపెట్టిన తెల్లని వస్తువు శాస్త్రజ్ఞులు వదలిన పెద్ద బెలూను. అంత యెత్తుననున్న దానిని ఏ యింటి సూదియు ఎఱుగదు.

కావున అమ్మలారా! పిల్లలు ఇట్టివి చేయుదుమన్నచో అడ్డుపడకుడు. వెంట నొక పుస్తకమును, గడియారమును ఇండు. మొదట ఇంటిలోని ఇనుమును, పిమ్మట వీథిలోని బండిని, ఆ మీదట ఆకసమును విచారింప నేర్పుడు. కారణము దొరకనిచోట భయమును గాని కల్పనను గాని నింపక, "తెలియదు" అని వ్రాయుటకు ధైర్యము చెప్పుడు. ఆ యొక్క మాట వ్రాయ నేర్చిన పిల్ల పుకారునకు లొంగదు.