హైవే 1 మూసేస్తే ఏం చెయ్యాలి?

బే ఏరియా తెలుగువాళ్ళ ఇళ్ళకి ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే హైవే 1 మీద లాస్ ఏంజెలెస్ ట్రిప్పు మామూలే. ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. 2017 జులైలో మేమూ అదే అనుకున్నాం. కానీ మే 20న బిగ్ సర్ దక్షిణాన మడ్ క్రీక్ దగ్గర కొండ జారి, పావు మైలు రోడ్డు మట్టికింద పోయింది.

ఐ-5 మీద పోతే త్వరగా చేరతాం, సముద్రం మాత్రం కనపడదు. నాసిమియెంటో-ఫెర్గుసన్ అని కొండల్లోంచి ఓ దారుంది, అన్నీ సన్నటి మలుపులే. మా అమ్మకి తిరుమల ఘాట్ రోడ్డుకే కడుపులో తిప్పుతుంది.

"మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాంలేరా" అన్నారు నాన్న. డెబ్భై రెండేళ్ళ మనిషి మళ్ళీ అంత దూరం విమానం ఎక్కుతారని ఏమిటి నమ్మకం?

అందుకే రోడ్డుని రెండు ముక్కలుగా చూశాం. మొదటిరోజు కార్మెల్ మీదుగా బిక్స్‌బీ వంతెన దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, సలీనాస్‌లో 101 ఎక్కి శాన్ లూయిస్ ఒబిస్పోలో మకాం. మర్నాడు అక్కణ్ణుంచి హైవే 1 మీద పైకి, శాన్ సిమియన్ దాటి పియెద్రాస్ బ్లాంకాస్. పాత చర్మం రాల్చుకోడానికి ఒడ్డుకొచ్చిన మగ ఎలిఫెంట్ సీల్స్‌ని చూస్తూ నాన్న గంటసేపు కదల్లేదు.

మడ్ క్రీక్ దగ్గర రోడ్డు 2018 జులైలో తెరిచారు. తర్వాత 2021, 2023, 2024ల్లో బిగ్ సర్‌లో వేరే చోట్ల దెబ్బతింది. కాబట్టి బయల్దేరేముందు కాల్‌ట్రాన్స్ వాళ్ళ సమాచారం చూసుకోండి. మూసేసుంటే రెండు చివర్ల నుంచీ చూపించండి. పెద్దవాళ్ళ విషయంలో "వచ్చేసారి" అన్న మాట మాత్రం నమ్ముకోకండి.