విమానం రేకు, టేకు కుర్చీ

పోయిన యెండాకాలం షార్జా నుంచి తిరిగివచ్చిన ఒక కుర్రవాడు మా ధర్పల్లి యింటికి వచ్చాడు. కుర్రవాడు అంటున్నాను గాని నలభై దాటినవాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. తండ్రి వడ్ల పని చేసేవాడు. నాగళ్లకూ బండిచక్రాలకూ గిరాకీ పోయాక కొడుకు గల్ఫు దారి పట్టాడు. అక్కడొక ఫర్నిచరు కార్ఖానాలో పాలిషు పని. ఫోనులో ఒక ఫోటో చూపించాడు.

"సార్, గిదేందో చెప్పుండ్రి."

గుండ్రని బల్ల. పైన మందపాటి గాజు పలక, కింద నిలువుటద్దంలాగా మెరిసే లోహపు వలయం. నేను చెప్పలేకపోయాను.

"ఇమానం ఇంజను మూతి సార్. పదిహేను దినాలు రుద్దిన దీన్ని."

ధర అడిగాను. తన రెండేళ్ల జీతమన్నాడు. ఆఖరి మూడు నెలల జీతం చేతికి రాకుండానే అతన్ని యింటికి పంపించారని తరువాత తెలిసింది. కాని నిజం చెప్పాలి: అది తెలియకముందు నేను ఆ బల్లను మెచ్చుకున్నాను. అందంగానే వుంది. అందమైనదాన్ని అందమైనది కాదని బుకాయించటం అభ్యుదయం కాదు.

యీ వ్యాపారం కొత్తదేమీ కాదు. అమెరికాలో మోటోఆర్ట్ అనే సంస్థ 2001 నుంచీ విమానాల రెక్కల్ని పెద్ద కంపెనీల సమావేశపు బల్లలుగా మారుస్తున్నది. మనవాళ్లు వేలాదిగా చెమటోడ్చే ఎమిరేట్సు దేశంలోనే, 2008లో పనిలోకి దిగిన తన మొట్టమొదటి ఎ380 విమానాన్ని విప్పించి, ఆ భాగాలతో ఫర్నిచరూ జ్ఞాపికలూ చేయిస్తామని ఎమిరేట్స్ సంస్థ 2021లో ప్రకటించింది. మన సంగతి చెప్పాలంటే, 2022 నవంబరులో కొచ్చిన్ నుంచి హైదరాబాదు వస్తున్న ఒక పాత విమానం బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర వంతెన కింద యిరుక్కుపోయింది. దాన్ని హోటలుగా మార్చాలని తెస్తున్నారట. జనం చుట్టూ చేరి ఫోటోలు తీసుకున్నారు.

విమానం ముసలిదవటంలో ఒక విచిత్రం వుంది. యిరవై, యిరవై అయిదేళ్లు తిరిగినదాన్ని విప్పినప్పుడు, అన్నిటికంటె విలువైనవి ఇంజనులు. పనికివచ్చే భాగాలు మరో విమానానికి వెళతాయి, అయితే కాగితాలు వుంటేనే. ఎప్పుడు చేశారు, ఎన్ని గంటలు ఎగిరింది, ఎవరు మరమ్మతు చేశారు అన్న చరిత్ర రాసి లేకపోతే, ఎంత గట్టి భాగమైనా తుక్కే. కాగితం పోయిన మనిషికి గల్ఫులో ఏ గతి పడుతుందో అదే గతి. ఇక పై రేకులలో రాగి, జింకు వంటివి కలిసి వుంటాయి. అన్నిటినీ కలిపి కరిగిస్తే మళ్లీ విమానానికి తగ్గ లోహం రావటం కష్టం, నాసిరకం పోతపనికే పోతుంది. అందుకే కరిగించకుండా ముక్కను ముక్కగానే అమ్మితే లాభం. తుక్కులో చేరిన ముక్కకు మళ్లీ ఒక కాగితం పుడుతుంది: ఫలానా విమానంలోది, ఫలానా నంబరు అని.

పారవేయటం కంటె మేలే గదా అనే మిత్రులు వున్నారు. మేలే. అయితే 1945 నాటి సంగతి చూడండి. యుద్ధం ముగిసిన బ్రిటనులో కర్రకు కరువు, విమానాల అల్యూమినియం తుక్కు మాత్రం గుట్టలు. ఎర్నెస్ట్ రేస్ అనే ఆయన ఆ తుక్కును పోతపోయించి బి.ఎ. కుర్చీ చేయించాడు. 1946లో దాన్ని లండను ప్రదర్శనలో పెట్టారు. అటువంటివి 2.5 లక్షలకు పైగా తయారయ్యాయి. విమానాల ఫ్యాక్టరీలలోనే అల్యూమినియం యిళ్లు గూడా 54,000కు పైగా కట్టారు. ఆ కుర్చీ మీద ఏ విమానం నంబరూ లేదు. లోహం అదే, తుక్కు అదే. జనానికి కూర్చోవటానికి కుర్చీ కావలసివచ్చింది, అంతే.

మా వూళ్లో కమ్మరి లారీ కమాను పట్టీని కాల్చి కొడవలి సాగదీసేవాడు. పాత టైర్లతో చెప్పులు కుట్టేవారు. ఆ లారీ ఎన్ని ఘాట్లు ఎక్కిందని అడిగి కొడవలి కొన్న రైతు లేడు. తెగుతుందా లేదా, అదే బేరం. లేనివాడు పాతదాన్ని వాడుకుంటే దరిద్రం, వున్నవాడు వాడుకుంటే అభిరుచి! మార్క్సు 'పెట్టుబడి' మొదటి సంపుటంలో సరుకుల మాయను గురించి చెప్పటానికి ఎన్నుకున్నది గూడా బల్లనే. కర్రగా వున్నంతసేపూ మామూలు వస్తువు, అంగడికి వచ్చిందా, తలకిందులుగా నిలబడుతుంది. ఆ మాయ ఎంతవరకూ వచ్చిందంటే, అమెరికాలో రెస్టోరేషన్ హార్డ్‌వేర్ వారు 'ఏవియేటర్' పేరుతో అమ్మిన బల్లలకు విమానమే అక్కరలేదు. కొత్త అల్యూమినియం రేకును రెక్క మాదిరిగా బిగిస్తే చాలు.

ఆ కాగితంలో ఎగిరిన గంటలు వుంటాయి. రుద్దిన దినాలు వుండవు. తుప్పు పట్టకుండా విమానపు రేకుకు వేస్తూ వచ్చిన అడుగురంగులో క్రోమియం లవణాలు వుంటాయి. ఆ ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమని వైద్యశాస్త్రం తేల్చింది. మూతికి ఏం కట్టుకునేవాడివిరా అని అడిగాను. "రుమాలు సార్" అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ దగ్గుతూనే వున్నాడు. ఎందువల్లనో డాక్టరు చెప్పాలి. నిజామాబాదు వెళ్లి చూపించుకోమన్నాను. తలవూపాడు గాని వెళ్లేటట్టు కనబడలేదు.

మాట మార్చటానికి కాబోలు, నేను కూర్చున్న కుర్చీని మెచ్చుకున్నాడు. టేకుది. బోధన్‌లో పాత సామాన్ల దుకాణంలో కొన్నాను. శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ దొరల బంగళాలోదని దుకాణదారు చెప్పాడు. నిజమో అబద్ధమో! 1937లో పుట్టి 2015 డిసెంబరులో మూతబడిన ఫ్యాక్టరీ పేరు చెప్పేసరికి నేను బేరమాడలేదు. మామూలు కుర్చీకి రెట్టింపు యిచ్చాను. వచ్చినవాళ్లందరికీ ఆ కథ చెబుతూ వచ్చాను, అతనికి గూడా చెప్పాను.

అతడు శ్రద్ధగా విని, "మరి చేసినోడెవరు సార్?" అన్నాడు.

నేను జవాబు వెతుక్కునేలోగా నన్ను లేవమని, కుర్చీని తలకిందులు చేశాడు. వేలితో కీలు తడిమి, "ఈ కాలు ఊగుతున్నది సార్, ఇంత చీలిక కొట్టాలె" అన్నాడు. పెరట్లోంచి ఒక కర్రముక్క తెచ్చి, కత్తిపీట అడిగాడు.