రెండు హరమ్‌ల నడుమ రైలు ప్రయాణం

మక్కా నగరంలోని రుసైఫా ప్రాంతంలో ఉన్న హరమైన్ రైల్వే స్టేషనులో, టికెట్టు కౌంటరు ముందు నేను తల వంచుకొని నిలబడిన ఆ గురువారం సాయంత్రాన్ని ఇప్పట్లో మరచిపోలేను. నా పక్కన మా ఆపా, వెనుక నా భార్య. ఎకానమీ తరగతిలో ఆ రోజుకు సీట్లు లేవు. మిగిలినవి బిజినెస్ తరగతి సీట్లు మాత్రమే. వాటి ధర విని ఆపా నోట మాట రాలేదు. కాసేపటికి తన చేతిసంచి తెరచి, ఒక తెల్లని గుడ్డలో మూట కట్టుకున్న రియాళ్లను నా చేతిలో పెట్టి, "తీసుకో తమ్ముడూ, అల్లాహ్ ఏది రాసిపెడితే అదే జరుగుతుంది" అన్నారు.

ఆ మూట సంగతి నాకు తెలుసు. కనుకనే తల ఎత్తలేకపోయాను.

మా బావగారు మరణించి ఆరేళ్లయింది. ఉమ్రా చేయాలన్నది ఆయన చిరకాల కోరిక. అది తీరకుండానే వెళ్లిపోయారు. ఆపా కుట్టు మిషనుపై బట్టలు కుట్టి, రంజాను సీజనులో రాత్రులు మేల్కొని, తన ఉమ్రాకు కావలసిన సొమ్ము కూడబెట్టుకున్నారు. దానితోపాటు మరికొంత విడిగా దాచారు. మదీనా జియారత్ ముగిశాక మళ్లీ మక్కా చేరి, భర్త తరఫున మరొక ఉమ్రా చేయాలని ఆమె సంకల్పం. తన ఉమ్రా తాను చేసుకున్న తరువాత మరణించినవారి తరఫున ఉమ్రా చేయవచ్చునని ఆమెకు చెప్పినవాణ్ని నేనే. మా ప్యాకేజీలో ఆ రెండవ మక్కా ప్రయాణం లేదు. మదీనా నుండి బస్సులో నేరుగా జిద్దా విమానాశ్రయానికి తీసుకుపోవడమే ఏర్పాటు. ఆ ప్రయాణానికి దాచిన రియాళ్లే ఇప్పుడు నా చేతిలోకి వచ్చాయి.

తప్పు నాదే. ఆపాకు మోకాళ్ల నొప్పులు. బస్సులో అయిదారు గంటలు కాళ్లు ముడుచుకొని కూర్చోలేరు. కనుక మక్కా నుండి మదీనాకు రైలులో వెళ్దామని ఊరిలోనే అనుకున్నాము. టికెట్ల మాట ఎత్తితే ఏజెంటు "అక్కడికి వెళ్లాక చూద్దాం లెండి" అన్నాడు. నేనూ "తవక్కల్తు అలల్లాహ్" అనుకొని ఊరుకున్నాను. ముప్పయి ఏళ్లుగా పిల్లలకు తవక్కుల్ అంటే ఏమిటో పాఠం చెబుతున్న నేను, నా సోమరితనానికి ఆ పవిత్రమైన పేరు పెట్టుకున్నాను.

రైలు మాత్రం అద్భుతం. అల్‌హమ్దులిల్లాహ్! 2018 సెప్టెంబరు 25న సౌదీ రాజు సల్మాన్ ప్రారంభించిన ఈ మార్గంలో అక్టోబరు నుండి ప్రజలు ప్రయాణిస్తున్నారు. మార్గం పొడవు సుమారు 450 కిలోమీటర్లు. మక్కా, జిద్దాలోని సులైమానియా, కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయం, కింగ్ అబ్దుల్లా ఎకనామిక్ సిటీ, మదీనా అన్నవి దీని అయిదు స్టేషన్లు. స్పెయిన్ దేశంలో తయారైన 35 రైళ్లు దీనిపై నడుస్తాయి. ఒక్కొక్క రైలులో నాలుగు వందలకు పైగా సీట్లు. బోగీలోని తెరపై వేగం 300 కిలోమీటర్లని కనిపించినప్పుడు ఆపా నమ్మలేదు. ఆమె చేతిలోని నీళ్ల సీసాలో నీరు కదలడం లేదు మరి!

కిటికీ అవతల ఇసుక నేల, నల్లని రాళ్ల మైదానాలు, దూరాన గోధుమ రంగు కొండలు. పూర్వం ఒంటెల బిడారులు ఈ రెండు నగరాల నడుమ పది పన్నెండు రోజులు నడిచేవి. హాజీలు దాహానికి, దోపిడీకి, ఎండకు ఓర్చి వెళ్లేవారు. ఉస్మానియా సుల్తాను అబ్దుల్ హమీద్ కాలంలో 1900లో మొదలై 1908లో డమాస్కస్ నుండి మదీనా చేరిన హిజాజ్ రైల్వే ఆ కష్టాన్ని తగ్గించాలనే వేశారు. దానికి ప్రపంచ ముస్లింలు చందాలు పంపారు. మన దేశపు ముస్లింలు కూడా పంపారు. ఆ రైలు మక్కా దాకా రాలేకపోయింది. మన తాతముత్తాతలు పైసా పైసా కూర్చి కన్న కలను మనం రెండుంపావు గంటల ప్రయాణంగా అనుభవిస్తున్నామన్న ఆలోచనతో కళ్లు చెమర్చాయి. అయితే ఆ ఆనందంలో నా పక్క సీటులోని ఖాళీ చేతిసంచి ముల్లులా గుచ్చుతూనే ఉంది.

మదీనా చేరిన రాత్రి కర్నూలులో ఉన్న మా మేనల్లునికి ఫోను చేసి జరిగింది చెప్పాను. అతడు మందలించలేదు. "మామూ, తిరుగు ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉంది కదా, ఇప్పుడే చూద్దాం" అన్నాడు. ఆ రాత్రి అతడు నాకు నేర్పిన పాఠాన్ని మీ ముందుంచడానికే ఈ వ్యాసం.

మనకు అలవాటైన రైలు టికెట్టు వేరు. మన రైల్వేలో రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది. 2024 నవంబరుకు ముందు అది 120 రోజులు. మామూలు రైలులో మొదటి రోజు కొన్నా, చివరి వారం కొన్నా స్లీపరు ధర ఒక్కటే. ముందుగా కొంటే దొరికేది సీటు మాత్రమే, తగ్గింపు కాదు. అందువల్ల "ముందు కొంటే చవక" అన్న ఆలోచన మనకు తట్టదు. కాని మన రాజధాని రైళ్లలో 2016 సెప్టెంబరులో వచ్చిన పద్ధతిని గుర్తు తెచ్చుకోండి. ప్రతి పది శాతం సీట్లు అమ్ముడైనకొద్దీ మూల ధర పది శాతం పెరుగుతూ, ఒక పరిమితి వద్ద ఆగుతుంది. అంటే ముందు వచ్చినవానికి తక్కువ, చివర వచ్చినవానికి ఎక్కువ. విమానం టికెట్లు అమ్మే తీరూ ఇంచుమించు ఇదే.

హరమైన్ రైలు ఆరంభంలో మక్కా నుండి మదీనాకు ఎకానమీ 150 రియాళ్లు, బిజినెస్ 250 రియాళ్లుగా ప్రకటించి, మొదటి రెండు నెలలు సగం ధరకే ఇచ్చారు. ఇప్పుడు ధర ఒకే చోట నిలిచి ఉండదు. రోజును బట్టి, రైలును బట్టి, రద్దీని బట్టి మారుతుంది. మేనల్లుడు ఫోనులో ఒకే రోజుకు మూడు రైళ్ల ధరలు చదివి వినిపించాడు. మూడూ మూడు రకాలు!

మరి ఏ రోజు ఎంచుకోవాలి? సౌదీలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. గురువారం సాయంత్రం నుండి స్థానికులు కూడా హరమ్‌ల వైపు కదులుతారు. నేను కౌంటరు ముందు నిలబడింది సరిగ్గా ఆ గడియలోనే. వారం మధ్యలో, అందునా ఉదయపు వేళ, రద్దీ తక్కువ. రంజాను మాసంలో, ముఖ్యంగా చివరి పది రోజుల్లో, హజ్ దినాల్లో, పాఠశాల సెలవుల్లో చవక టికెట్టు ఆశించడం కష్టమే. ఆ రోజుల్లో వెళ్లేవారు ఇంటి నుండి బయలుదేరక ముందే టికెట్టు చేతిలో ఉంచుకోవాలి.

మేము మంగళవారం ఉదయపు రైలును ఎంచుకున్నాము. ఎనిమిది రోజుల ముందు కొన్న ఆ ఎకానమీ టికెట్టుకు, గురువారం నేను చెల్లించినదానిలో సగంకన్నా తక్కువే అయింది. బుధవారం మక్కా నుండి విమానాశ్రయానికి వెళ్లే రైలు టికెట్లు కూడా అప్పుడే తీసుకున్నాము. మక్కాలో ఒక రాత్రికి మా ఊరివారొకరు తమ గదిలో చోటిచ్చారు. లెక్క చూస్తే, ఆపా మూటలో మిగిలినదానితో ఆమె ప్రయాణం సరిపోయింది. ఇంకా ఇరవై చిల్లర రియాళ్లు మిగిలాయి కూడా. ఆ మాట చెప్పగానే ఆపా మస్జిదె నబవీ వైపు తిరిగి చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

టికెట్టు చేయించుకునేవారు కొన్ని విషయాలు గమనించాలి. రైల్వే వారి అధికారిక వెబ్‌సైటులోనో, యాప్‌లోనో కొనడం మేలు. మధ్యవర్తి ద్వారా కొంటే అతని రుసుము ఎంతో ముందే అడిగి తెలుసుకోండి. పేరు, పాస్‌పోర్టు సంఖ్య పాస్‌పోర్టులో ఉన్నట్లే ఇవ్వాలి. రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందో చదివిన తరువాతనే సొమ్ము చెల్లించాలి. తేదీ ఖాయం కానివారికి చవక టికెట్టే చివరికి ఖరీదు కావచ్చు. రియాజుల్ జన్నహ్‌లో నమాజుకు నుసుక్ యాప్‌లో సమయం తీసుకోవాలి కనుక, ముందు ఆ సమయం చూసుకొని తరువాత రైలు నిర్ణయించండి. స్టేషనులో గేట్లు రైలు బయలుదేరక ముందే మూసివేస్తారు. వృద్ధులతో వెళ్లేవారు గంట ముందుగా చేరడం క్షేమం. విమానాశ్రయ స్టేషను కొత్త టెర్మినల్ 1 వద్ద ఉంది. మీ విమానం వేరే టెర్మినల్ నుండి ఉంటే అక్కడికి చేరే సమయాన్ని కూడా లెక్కించుకోవాలి.

టికెట్టు ధరకన్నా ముఖ్యమైన మాట మరొకటి ఉంది. మదీనా నుండి ఉమ్రాకు బయలుదేరేవారి మీఖాత్ జుల్‌హులైఫా. నేడు దానిని అబ్యార్ అలీ అంటారు. మక్కాకు అన్ని మీఖాత్‌లలోకెల్లా దూరమైనది ఇదే. బస్సులు అక్కడ ఆగుతాయి, రైలు ఆగదు. కనుక రైలులో వెళ్లేవారు బసలోనే స్నానం చేసి, ఇహ్రామ్ ధరించి, రైలు కదలక ముందే నియ్యత్ చేసి తల్బియహ్ పలకాలి. మీఖాత్‌కు ముందుగా ఇహ్రామ్‌లో ప్రవేశించడంలో దోషం లేదు. ఇహ్రామ్ లేకుండా దాటిపోతే మాత్రం వెనుకకు రావాలి, లేదా దమ్ ఇవ్వాలి. టికెట్టులో మిగిల్చిన సొమ్ము కన్నా ఆ అజాగ్రత్త ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువ. అలాగే నమాజు వేళలు చూసుకొని రైలు ఎంచుకోండి. మదీనాలో పదిహేను రోజులకన్నా తక్కువ ఉండేవారు హనఫీ ఫిఖహ్ ప్రకారం ముసాఫిర్లే. ఒంటరిగా చేసే నాలుగు రకాతుల ఫర్జ్‌ను ఖస్ర్ చేయాలి. స్థానిక ఇమాము వెనుక అయితే పూర్తిగా చేయాలి.

ఒకే బోగీలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు వేర్వేరు ధరలు చెల్లించడం న్యాయమేనా అని తిరిగి వచ్చాక మా మదరసా విద్యార్థి ఒకడు అడిగాడు. కొనే సమయాన ధర ఇంత అని స్పష్టంగా తెలిసి, ఇరువురూ సమ్మతించి చేసుకున్న ఒప్పందం సక్రమమే. మోసమూ, దాపరికమూ ఉంటేనే దోషం. నేను ఎక్కువ చెల్లించానంటే నన్ను ఎవరూ మోసగించలేదు. నా ఆలస్యానికి నేను వెల కట్టాను. అంతకన్నా బాధాకరం, ఆ వెలను మరొకరి కష్టార్జితంతో చెల్లించడం.

పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు హిజ్రత్ ఘట్టం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఈ ప్రయాణం తరువాతనే అందులోని ఏర్పాట్లు నా కంటికి కనిపించాయి. హజ్రత్ అబూబకర్ (రజి) రెండు ఒంటెలను నాలుగు నెలల ముందు నుండే మేపి సిద్ధం చేశారు. దైవప్రవక్త (స) తన ఒంటెను ఉచితంగా స్వీకరించక వెల చెల్లిస్తానన్నారు. దారి తెలిసిన మనిషిని కూలికి కుదిరించి, మూడు రాత్రుల తరువాత సౌర్ గుహ వద్దకు ఒంటెలు తీసుకు రమ్మని సమయం నిర్ణయించారు. అల్లాహ్ సహాయంపై వారికున్నంత నమ్మకం ఎవరికుంటుంది? అయినా వాహనం, దారి, సమయం, ధర, అన్నీ ముందుగానే చూసుకున్నారు. గుహలో పలికిన తవక్కుల్ ఈ ఏర్పాట్లన్నీ చేసిన తరువాతి తవక్కుల్.

మంగళవారం ఉదయం మదీనా స్టేషనులో రైలు కదలబోతుండగా ఆపా కళ్లు మూసుకొని బావగారి పేరిట నియ్యత్ చేశారు. ఆ వెంటనే మా చుట్టూ ఉన్నవారి కంఠాలతో ఆమె సన్నని గొంతు కలిసింది: లబ్బైక్ అల్లాహుమ్మ లబ్బైక్. ఆ రాత్రి సయీ ముగించి, మర్వా వద్ద నొప్పి పెడుతున్న కాళ్లు చాపుకొని కూర్చున్న ఆమె, "తమ్ముడూ, ఊరికి పోయాక ఎవరైనా ఉమ్రాకు వెళ్తుంటే టికెట్టు సంగతి మొదటే చెప్పు" అన్నారు.

చెబుతానని మాట ఇచ్చాను. ఇదిగో, చెప్పాను. పేదవాని ఇంట కూడబెట్టిన ప్రతి రూపాయినీ అది ఏ సంకల్పంతో దాచారో ఆ సంకల్పానికే చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.