భూతద్దం పనికిరాని చోట

ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మాస్టారాయన. ఏటా పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్లి, భూతద్దంతో కాగితం కాల్చి చూపించేవారు. పొగ లేవగానే వెనక బెంచీవాళ్లు కూడా ఎగబడేవాళ్లు.

అలాంటి మనిషికి కుడిచెవి వినపడటం తగ్గింది. వయసు మీద పడిందనుకున్నారు. స్కాన్ తీస్తే చెవి నరం మీద చిన్న గడ్డ. క్యాన్సర్ కాదు గానీ పెరిగితే మెదడును నొక్కుతుంది.

"కోత అక్కర్లేదు మాస్టారూ, గామా కిరణాల్ని దానిమీద ఫోకస్ చేద్దాం" అన్నాడు డాక్టరు. ఆ మాటకే కూతురు ఊపిరి పీల్చుకుంది. మాస్టారికి మాత్రం అప్పుడే అనుమానం మొదలైంది.

"గామా కిరణాలు కటకంలో వంగవు కదా డాక్టరుగారూ, ఫోకస్ ఎలా చేస్తారు?"

న్యాయమైన ప్రశ్నే. కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణం తరంగదైర్ఘ్యం పరమాణువు సైజులో దాదాపు నూరోవంతు. గాజు అడ్డొచ్చినా తిన్నగానే పోతుంది. ప్రత్యేకమైన స్ఫటికాల్ని పేర్చి కాస్త పక్కకు మళ్లించొచ్చు. 2001లో ఫ్రాన్స్‌లో బెలూన్‌తో పైకి పంపిన టెలిస్కోపులో అదే చేశారు. కానీ ఆ మళ్లింపు ఎంత స్వల్పమంటే, కిరణాలు ఒకచోట కలవడానికి మీటర్ల దూరం కావాలి. తలలో అంత చోటెక్కడిది!

స్వీడన్ సర్జన్ లార్స్ లెక్సెల్ అసలు వంచే పనే పెట్టుకోలేదు. 1968లో స్టాక్‌హోంలో వాడకంలోకి వచ్చిన ఆయన 'గామా నైఫ్'లో 179 కోబాల్ట్ గుళికలుండేవి. మందపాటి లోహంలో ఒక్కోదానికీ ఒక సన్నటి రంధ్రం. కిరణాలన్నీ తిన్నగానే వస్తాయి, గురి మాత్రం ఒకే చుక్క మీద. విడివిడిగా ఒక్కో కిరణం మెదడుకు చేసే హాని చాలా తక్కువ. అన్నీ కలిసిన చోట గడ్డ కణాలు పెరిగే శక్తి కోల్పోతాయి. చాలా తర్వాత వచ్చిన ఒక మోడల్లో గుళికలు 192 అయ్యాయి. కత్తి లేనిదానికి నైఫ్ అని పేరెందుకు పెట్టారో గానీ, ఆ పేరుకే సగం మంది బెదిరిపోతారు.

ఆ ఉదయం తలకు నాలుగు మరలతో చట్రం బిగించారు. ఇసుమంత కదిలినా గురి తప్పుతుంది మరి. మత్తు సూదులు గుచ్చినప్పుడే మాస్టారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. మిషన్లో ఉన్నంతసేపూ మెలకువే. వేడి లేదు, పొగ లేదు.

పోయిన వినికిడి వెనక్కి రాదని డాక్టరు ముందే చెప్పాడు. గడ్డ పెరగడం ఆగితే చాలు. అది తేలాలంటే ఆర్నెల్ల తర్వాత మళ్లీ స్కాన్.

"అంటే పనైందో లేదో అప్పటిదాకా తెలీదా?" అంది భార్య. కాగితమైతే నిమిషంలో తెలిసేది.

నుదుటి మీది గాట్లు మానకముందే మాస్టారు మనవణ్ని పిలిచి, గదిలో లైటు తీసేయమన్నారు. ఇంట్లో టార్చి ఒక్కటే ఉంది. మిగతావాటికి అందరి సెల్‌ఫోన్లూ పట్టుకొచ్చాడు వాడు.