దశరథుడి పక్కన ఒకడుండి ఉంటే

ఈ సెప్టెంబర్లో ఎల్క్ వేటకి వెళ్తున్నా. తుపాకీతో కాదు, విల్లుతో. ఈ మాట చెప్పగానే డెన్వర్లో మా తెలుగు మిత్రబృందం రెండుగా చీలిపోయింది. సగం మంది "ఏం, కాస్ట్‌కోలో చికెన్ అయిపోయిందా?" అన్నారు. మిగతా సగం "ఎవరు నేర్పార్రా నీకు, యూట్యూబా?" అన్నారు. మొదటి ప్రశ్న సంగతి ఇంకోసారి చూద్దాం. నా గోలంతా రెండో దాని గురించే.

ఎల్క్ అంటే తెలియనివాళ్ళకి... మన అడవుల్లో తిరిగే కణుజుకి పెద్దన్నయ్య అనుకోండి. మగది మూడొందల కిలోలుంటుంది. కొలరాడోలో ఇవి రెండున్నర లక్షలకి పైగానే ఉన్నాయి, అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. సెప్టెంబర్ వీటికి జతకట్టే కాలం. మగవి కొండల్లో ఈల వేసినట్టు అరుస్తూ తిరుగుతాయి. విల్లు వేటకి అనుమతి కూడా ఆ నెలలోనే. ఇన్ని ఉన్నా, విల్లు పట్టుకుని వెళ్ళిన పదిమందిలో దాదాపు తొమ్మిది మంది ఉత్తచేతులతోనే తిరిగొస్తారు.

ఇక్కడివాళ్ళలో చాలామందికి వేట నాన్న నుంచో తాత నుంచో వస్తుంది. మనకా సౌకర్యం లేదు. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అప్పటికి మా నాన్నకి అక్షరాభ్యాసం కూడా కాలేదు. కాబట్టి మా ఇంట్లో వేట అంటే బొమ్మల రామాయణంలో చూసిందే.

చదువుకోవడానికైతే లోటు లేదు. 1949 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు కొలరాడోలో వేట లైసెన్సు కొనాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. పాసయ్యా. విల్లు లాగే బరువు 35 పౌండ్లకి తగ్గకూడదు, బాణం మొన వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులైనా ఉండాలి... ఇవన్నీ కంఠతా వచ్చు. ఇంజినీరింగ్ చదివినవాడికి బట్టీ పట్టడం ఓ లెక్కా? పొద్దున ఎండకి కొండ వేడెక్కితే గాలి పైకి పోతుంది, సాయంత్రం కిందికి దిగుతుంది, మన వాసన ఎల్క్ వైపు వెళ్ళిందంటే ఇక అది కనబడదు... ఇదీ వీడియోల్లో దొరుకుతుంది. రేంజిలో ముప్పై గజాల నుంచి వేస్తే నా బాణాలన్నీ ఒక గుప్పెడంత చోటులో పడుతున్నాయి కూడా.

మరింక మెంటార్ ఎందుకు? అక్కడికే వస్తున్నా.

దశరథుణ్ణి గుర్తు తెచ్చుకోండి. విలువిద్యలో ఆయనకేం తక్కువ? చూడక్కర్లేదు, శబ్దం వింటే చాలు, కొట్టేయగలడు. సరయూ ఒడ్డున చీకట్లో కుండ మునుగుతున్న చప్పుడు విని ఏనుగనుకున్నాడు. బాణం వేశాడు. గురి తప్పలేదు. తప్పి ఉంటే ఆ పిల్లవాడు బతికేవాడు! ఆ రాత్రి పక్కన ఒకడుండి "ఆగండి ప్రభూ, ముందు అదేంటో చూద్దాం" అని ఉంటే సరిపోయేది. నా దృష్టిలో వేటలో మెంటార్ అంటే ఆ ఒక్కడు. బాణం వెయ్యడం ఎవరైనా నేర్పుతారు, ఆపేవాడు దొరకడమే కష్టం.

మా ఆఫీసులో నేను రాసిన కోడ్ ఇంకొకరు చూడకుండా ప్రొడక్షన్‌కి పోదు. పోయినా, ఏదైనా తేడా వస్తే పది నిమిషాల్లో పాతది పెట్టేయొచ్చు. బాణానికి రోల్‌బ్యాక్ లేదు. ఊపిరితిత్తుల్లో తగిలితే ఎల్క్ కాసేపట్లో పడిపోతుంది. కాస్త వెనక్కి, పొట్టలో తగిలితే గంటల తరబడి బాధపడుతుంది. అప్పుడు తొందరపడి వెంటపడితే మైళ్ళు పరిగెత్తి ఎక్కడో చస్తుంది, మనకి దొరకదు. అందుకే అలాంటప్పుడు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగమంటారు. చేతులు వణుకుతుండగా, బాణం ఎక్కడ తగిలిందో నిజాయితీగా ఒప్పుకుని, చీకటి పడుతున్నా కదలకుండా కూర్చోవడం వీడియోలు చూస్తే వచ్చేది కాదు.

మరి అలాంటివాడు దొరికేదెలా? డబ్బిచ్చి కుదుర్చుకోవచ్చు. రాష్ట్రంలో రిజిస్టరైన అవుట్‌ఫిటర్లున్నారు, వారానికి వేలల్లో డాలర్లు. వాళ్ళ పని వాళ్ళు బాగానే చేస్తారు, కానీ వారం అయ్యాక ఎవరి దారి వాళ్ళది. ఇక్కడి పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ కొత్తవాళ్ళ కోసం కార్యక్రమాలు నడుపుతుంది. 1984లో మొదలైన రాకీ మౌంటెన్ ఎల్క్ ఫౌండేషన్ లాంటి సంస్థల విందులకి వెళ్తే నలుగురు పరిచయమవుతారు. అయితే పరిచయం కాగానే "మీరెక్కడ వేటాడతారండీ?" అని అడిగారో, ఇక అంతే సంగతులు. ఆ చోటు కనుక్కోడానికి ఆయనకి పదేళ్ళు పట్టి ఉంటుంది. పెళ్ళిచూపుల్లో మొదటి ప్రశ్నగా బ్యాంకు పాస్‌వర్డ్ అడిగితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

నేను వేరే దారిలో వెళ్ళా. శనివారాలు రేంజిలో ఫోమ్ జంతువుల బొమ్మలు మోసి నిలబెట్టే పనికి వెళ్ళేవాణ్ణి. అక్కడ అరవై దాటిన ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ఓ రోజు "ఈసారి మీకు ఎల్క్ పడితే మాంసం మోయడానికి నేనొస్తా" అన్నా. ఇది ఉత్తి మర్యాద మాట కాదండోయ్. ఎముకలు తీసేసినా మగ ఎల్క్‌కి తొంభై కిలోల దాకా మాంసం వస్తుంది. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేస్తే కొలరాడోలో నేరం. పదివేల అడుగుల ఎత్తు, రోడ్డుకి మూడు మైళ్ళ దూరం, అరవై దాటిన మోకాళ్ళు... ఎన్ని విడతలవుతుందో లెక్కేసుకోండి. ఆయన నా బూట్ల వంక ఓసారి చూసి "సరే, రా" అన్నారు.

అలా పోయిన సెప్టెంబర్లో నా విల్లు ఇంట్లో పెట్టేసి, ఖాళీ సంచి తగిలించుకుని ఆయన వెనక కొండెక్కా. నాలుగో రోజు పొద్దున ఒక మగ ఎల్క్ పాతిక గజాల్లోకి వచ్చి ఆగింది. ఆయన విల్లు లాగి పట్టుకున్నారు. అది సరిగ్గా మాకు ఎదురుగా, ఛాతీ చూపిస్తూ నిలబడింది. నా గుండె చప్పుడు దానికి వినబడుతుందేమోనని భయమేసింది. అర నిమిషం అలాగే గడిచింది. అది పక్కకి తిరగలేదు. ఆయన నెమ్మదిగా విల్లు దించేశారు. ఆ కదలికకి అది ఒక్క గెంతులో చెట్లలో కలిసిపోయింది.

"అంత దగ్గర్లో ఉందిగా, ఎందుకు వదిలేశారు?" అన్నా.

"దగ్గరే. కానీ ఎదురుగా ఉన్నప్పుడు ఎముకల మధ్య సందు చాలా చిన్నది. తగులుతుందేమో అనుకుంటూ వెయ్యకూడదు" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

ఆ వారంలో మళ్ళీ ఏదీ అంత దగ్గరికి రాలేదు. మోయడానికి వెళ్ళినవాణ్ణి ఖాళీ సంచితోనే దిగొచ్చా. ఆయన చోట్లో నేనుంటే బాణం వదిలేసేవాణ్ణే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఈ మెంటార్ గోలంతా అందుకే.

ఈ ఏడు విల్లు నా చేతిలో ఉంటుంది, ఆయన నా వెనక ఉంటారు. రెండు షరతులు పెట్టారు. పాతిక గజాలు దాటితే విల్లు ఎత్తకూడదు. బాణం వదిలాక ఆయన లెమ్మనేదాకా కూర్చున్న చోటు నుంచి కదలకూడదు. రెండిటికీ ఒప్పుకున్నా.

ఫోన్లో అమ్మకి చెప్తే "పాపం కాదట్రా?" అంది. ఆదివారం ఆదివారం కోడికూర వండేది నువ్వే కదా అనబోయి ఆగిపోయా. అలా అడిగేవాళ్ళు కూడా ఒకరుండాలి. "దెబ్బ తగిలి పారిపోయి ఎక్కడో చస్తే పాపమే అమ్మా. అలా కాకూడదనే ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్తున్నా" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయన భోజనం సంగతి కూడా చూసుకో" అంది.

మీలో ఎవరికైనా ఇలాంటి పిచ్చి ఉంటే నాదొక ఉచిత సలహా. ఎవర్నీ చోటు అడక్కండి, బరువు మోస్తానని అడగండి. మీకు "వద్దు" అని చెప్పగలిగినవాళ్ళు, చెప్తే మీరు వినగలిగినవాళ్ళు ఒకరు దొరికాక లైసెన్సు కొనండి. దొరక్కపోతే ఇంకో ఏడాది ఫోమ్ బొమ్మల్ని కొట్టుకుంటూ ఉండండి. ఎల్కులెక్కడికీ పోవు.