ఖాళీ గడి

మా ఇంట్లో పద్దులు రాయడం నా ఉద్యోగం. పాలవాడి నాగాల దగ్గర్నుంచి ఇస్త్రీ బట్టల దాకా నోటుపుస్తకాల్లో రాసుకునేదాన్ని. నాలుగేళ్ళ క్రితం మా కోడలు, "ఇంకా ఈ పుస్తకాలేమిటి అత్తయ్యా?" అని ఫోన్లో పద్దుల యాప్ ఒకటి తయారుచేసి పెట్టింది. ఆ పిల్ల చేసే ఉద్యోగమే అది లెండి.

ఇంతకీ నా పద్దులన్నీ ఎక్కడుంటాయే అంటే, ఫోన్లోనే, ఎస్‌క్యూలైట్ అనే చిన్న బీరువాలో ఉంటాయంది. రిచర్డ్ హిప్ అనే అమెరికా ఆయన 2000లో బయటపెట్టాడట దాన్ని. మీ ఫోన్లోనూ ఉంది, మీకు తెలీదంతే! బ్యాంకు లెక్కల్లా ఎక్కడో పెద్ద కంప్యూటర్లో ఉండవన్నమాట. "మంచిదేగా, ఇంటి గుట్టు ఇంట్లోనే" అన్నాను. "మంచిదే గాని, బీరువాలో అరలు మార్చాల్సొచ్చినప్పుడే ఉంది తంటా" అంది.

ఆ తంటా ఏమిటో నాకు త్వరలోనే తెలిసొచ్చింది. ఇంకా తయారవుతున్న రోజుల్లోనే ఓ పొద్దున్న తెరిచి చూస్తే, రెండు నెలల పాల లెక్క మాయం. కోడలు నాలిక్కరుచుకుంది. పాత అమరిక నుంచి కొత్తదానికి దారి రాసి లేకపోతే, పాతది పారేసి ఖాళీది పెట్టెయ్యమని చెప్పే వరుస ఒకటి ఉంటుందట. పని తెమలడానికి పెట్టుకుని, తియ్యడం మరిచిపోయింది. ఆ నెల పాలవాడు చెప్పిందే లెక్క అయింది.

ఆ వరుస తీసేశాకే చుట్టాలకిచ్చింది. ఓ పాతికమంది పెట్టుకున్నారు, రాజమండ్రిలో మా అక్కావాళ్ళతో సహా. తర్వాత కూరలు వేరు, మందులు వేరు చూపించమని నేనే పోరితే కొత్త గడి చేర్చింది. అది సుళువేనట, పాత పద్దులన్నిటికీ 'ఇతరాలు' అని పెట్టేసింది. కాని పైసలతో ఉన్న లెక్కలు కూడుతుంటే తేడాలొస్తున్నాయని, రూపాయలన్నీ పైసల్లోకి మార్చాలంది. దీనికి ఎస్‌క్యూలైట్ ఒప్పుకోదు. ఉన్న గడిలో దశాంశాలు మాన్పించి పూర్ణాంకాలే పెట్టుకోమంటే కుదరదట. అందుకని కొత్త పట్టిక చేసి, పాతదాంట్లోవి అందులోకి ఎత్తి, పాతది తీసేసి, దాని పేరు దీనికి పెట్టాలి.

"ఆవకాయ జాడీ మార్చినట్టే కదే! అంచు విరిగిన జాడీకి అతుకేస్తామా? కొత్తదాంట్లోకి ఎత్తి, పాత చీటీ దీనికి కడతాం" అన్నాను. సగం ఎత్తాక ఫోన్ ఆగిపోతేనో అంటే, ఎత్తితే మొత్తం ఎత్తుతుంది, లేకపోతే అసలు కదిలించనట్టే ఉంటుంది, దాన్నే ట్రాన్సాక్షన్ అంటారంది. మన వంటిళ్ళలో ఆ సదుపాయం లేదు.

అంతలో అక్క ఫోను చేసింది. "చూపు ఆనడం లేదే, అక్షరాలు పెద్దవి కావు?" అని. పెద్ద అక్షరాలు కొత్త యాప్‌లోనే ఉన్నాయి. అక్క ఫోన్లోదేమో మొట్టమొదటిది, ఏనాడూ మార్చింది కాదు. పైగా ఆ పద్దులు అక్క రాసినవి కావు, బావగారు రాసినవి. ఆయన పోయి రెండేళ్ళయింది.

కోడలి మొహం చిన్నబోయింది. "ఆఫీసులో డేటాబేస్ మా చేతిలోనే ఉంటుందత్తయ్యా, తప్పయితే దిద్దుకుంటాం. పెద్దత్తయ్యగారి ఫోన్లోకి నేనెలా దూరను? నేను రాసింది అక్కడ ఒక్కసారే నడుస్తుంది" అంది. ఒకటో మెట్టు నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి వరసగా ఎక్కించాలిట. ఎన్నో మెట్టు మీద ఉందో ఆ బీరువాలోనే అంకె వేసి ఉంటుందిట.

ఓ పాత ఫోన్లో మొదటి యాప్ పెట్టి, అక్కావాళ్ళలాగే పద్దులు రాసిపెట్టమని నాకిచ్చింది. రాస్తూ రాస్తూ గుర్తొచ్చింది నాకు. "బావగారు డబ్బు గడి వదిలేసి కబుర్లు కూడా రాసేవారే. 'ఈ రోజు మీ పెద్దమ్మతో మాటల్లేవు' అని రాసి, మా అబ్బాయికి చూపించారోసారి."

కోడలు ఉలిక్కిపడింది. కొత్త పట్టికలో డబ్బు గడి ఖాళీగా ఉండకూడదని షరతు పెట్టిందట. అలాంటి పద్దు ఒక్కటున్నా ఎత్తడం ఆగిపోతుంది, యాప్ తెరుచుకోదు. అక్క విసుగెత్తి తీసేసి మళ్ళీ పెట్టుకుందా, అంతే సంగతులు. వేరే నకలు కూడా లేదు.

"సున్నా పెట్టెయ్యరాదూ?" అన్నాను.

"ఖాళీ వేరు, సున్నా వేరత్తయ్యా" అని ఆ షరతే తీసేసింది. ఆ రాత్రి రెండింటిదాకా మేలుకుని, పాత ఫోన్లో ఎక్కించి చూడ్డం, చెరపడం, మళ్ళీ ఎక్కించడం. మధ్యలో రెండుసార్లు కాఫీ కలిపిచ్చాను.

ఆదివారం అక్క ఫోన్లో మార్చారు, వాళ్ళ పక్కింటి కుర్రాడి చేత. పది నిమిషాలకి అక్క ఫోను చేసింది.

"అక్షరాలు బూరెలంత ఉన్నాయే" అంది. తర్వాత కాసేపు మాట లేదు.

"అన్నీ ఉన్నాయా?" అన్నాను.

"'వాన. బజ్జీలు ఇంట్లోనే. ఖర్చు లేదు' అని రాశారే. ఎదురుగా డబ్బు గడి ఖాళీ." ముక్కు చీదుకుంది. "ఇంకోటి చదవనా?"

చదవమన్నాను.