రెజిమెంటల్ బజార్‌లో... తలుపు గిటారైంది!

సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగి, ఆటోవాళ్ల పిలుపులు తప్పించుకుని కాస్త నడిస్తే రెజిమెంటల్ బజార్ వచ్చేస్తుంది. పేరు విని ఇప్పటికీ ఇక్కడ సైనికులుంటారేమో అనుకుంటారు మా ఆఫీస్ ఫ్రెండ్స్. ఉండరు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఈ కంటోన్మెంట్‌కి సికింద్రాబాద్ అని పేరొచ్చింది. పటాలాలకు కావాల్సిన సరుకులు అమ్మే బజార్లను రెజిమెంటల్ బజార్లు అనేవాళ్లు. పటాలం పోయింది, పేరు మిగిలింది. పాతవాళ్లు సికింద్రాబాద్‌ని ఇప్పటికీ 'లష్కర్' అనే పిలుస్తారు. ఆ మాటకీ సైన్యమనే అర్థం.

ఇక్కడే ఓ గల్లీలో మా తాత కట్టిన ఇల్లుంది. పైకప్పుకి టేకు దూలాలు, చెక్క మెట్లు. రెండేళ్ల కింద వెనక గది కూలగొట్టినప్పుడు, దాని టేకు తలుపు పాత సామాన్ల బండి ఎక్కబోతుంటే ఆపేశాను. "ఏం చేస్తావురా దాన్ని?" అంది అమ్మ. "గిటార్" అన్నాను. నవ్వింది.

పద్నాలుగు నెలల శని, ఆదివారాలు పోయాయి. వెనక పలక, పక్కలు తలుపు టేకువి. ముందు పలక ఆన్‌లైన్‌లో తెప్పించిన స్ప్రూస్. ఫ్రెట్‌బోర్డు జిట్టేగి. వెనక పలక మీద గొళ్లెం మేకు దిగిన బెజ్జం ఒకటి మిగిలిపోతే, చిన్న టేకు ముక్క పెట్టి పూడ్చాను. ఇక మిగిలింది ఫినిషింగే. సాఫ్ట్‌వేర్‌లో 'తొంభై శాతం అయిపోయింది' అని చెప్పే రోజు ఎంత ప్రమాదమో మీకు తెలుసుగా? ఇదీ అంతే.

నూనె ఎందుకు?

షాపులో అద్దంలా మెరిసే గిటార్ల మీద లక్కర్‌లాంటి పూత ఉంటుంది. అది చెక్క మీద ఒక పొర. నూనె అలా కాదు, చెక్కలోకి దిగుతుంది. స్ప్రే గన్ అక్కర్లేదు. పాత బనియన్ గుడ్డ చాలు. గీత పడితే అక్కడే కాస్త రుద్ది మళ్లీ నూనె రాయొచ్చు. కాకపోతే గట్టి పూత ఇచ్చినంత రక్షణ ఇవ్వదు.

రాణీగంజ్ హార్డ్‌వేర్ షాపులో 'డబల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్' అడిగాను. అవిసె గింజల నూనే అది, కానీ వంటకి వాడేది కాదు, త్వరగా ఆరేలా తయారుచేసింది. ఆరడమంటే నీళ్లలా ఆవిరైపోవడం కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటం. అసలు కిటుకు అక్కడే ఉందని నాకు తర్వాత తెలిసింది.

220 నంబరు రేగ్మాల్‌తో మొదలుపెట్టి 400 దాకా రుద్దాను. తర్వాత వెనక పలక మీద నూనె పోసి గుడ్డతో తిప్పాను. బూడిద రంగులో ఉన్న తలుపు ఒక్కసారిగా తేనె రంగుకొచ్చింది! ఆ ఆనందంలో ఇంకాస్త పోశాను.

ఆషాఢంలో జిడ్డు

వారమైనా ఆరలేదు. చెయ్యి పెడితే బెల్లప్పాకంలా అంటుకుంటోంది. బయట ముసురు. పద్నాలుగు నెలల పని ఒక్క గుడ్డతో పాడుచేశానా అని నిద్ర పట్టలేదు.

మా గల్లీ చివర ఓ పాత ఫర్నిచర్ షాపు ముందు కూర్చుని పాలిష్ పట్టే చాచా ఉన్నారు. గిటార్ తీసుకెళ్లి చూపించాను. వేలితో రాసి వాసన చూశారు.

"సాగ్వాన్ కదా బేటా. దాంట్ల నూనె ముందే ఉంటది. దాని మీద నువ్వు ఇంత పోసినవ్, పైన వాన. ఎట్ల ఆరుతది?"

టేకులో సహజంగా ఉండే నూనెలు పైపూతని ఆరనివ్వవట. ముందు థిన్నర్‌తో తుడిచి మొదలుపెట్టాలి. మొదటి పూతకి నూనె సగం, టర్పెంటైన్ సగం. పదిహేను నిమిషాలాగి, పైన మిగిలిందంతా పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. "రాసుడు కాదు బేటా, తుడుసుడే పని" అన్నారు.

తలూపి లేవబోతుంటే అడిగారు. "తుడిసిన గుడ్డలు ఏడ పెట్టినవ్?"

"కవర్లో కట్టి మెట్ల కింద పెట్టాను. నిన్న మళ్లీ తుడిచినవీ అందులోనే."

చాచా మొహం మారిపోయింది. "జల్దీ పో! బైటికి తియ్!"

పరుగెత్తాను. మెట్ల కింద, పాత పేపర్ల కట్ట పక్కన ఆ కవర్ వెచ్చగా లేదు, వేడిగా ఉంది! ఘాటు వాసన. బయటికి లాగి బకెట్ నీళ్లలో ముంచాను. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుట్టి పెడితే లోపలే పెరిగి, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. పైన దూలాలన్నీ ఎండిన టేకు. పై గదిలో అమ్మ పడుకుని ఉంది. తాత తలుపుని కాపాడబోయి తాత ఇంటినే తగలబెట్టేవాడిని.

మీరు నూనె పూత వేస్తే మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. గుడ్డల్ని ఆరుబయట విడివిడిగా పరచండి, లేదా నీళ్లలో ముంచండి.

లష్కర్ బోనాలు

జిడ్డంతా తుడిచి మళ్లీ మొదలుపెట్టాను. పలచటి పూతలు, రెండేసి రోజుల ఎడం. ముందు పలకకి మాత్రం నూనె వద్దనుకున్నాను. మెత్తటి స్ప్రూస్ నూనె పీలిస్తే మోత మందగిస్తుందని చాలామంది తయారీదార్ల మాట. దానికి చాచా స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ పట్టడం నేర్పారు. మంచాలకీ సోఫాలకీ ఆయన వాడే ఈ లక్కనే విదేశాల్లో ఖరీదైన క్లాసికల్ గిటార్లకీ పూస్తారని చెబితే నమ్మలేదు.

మూడో పూత ఆరుతుండగా బోనాల ఆదివారం వచ్చింది. ఉజ్జయినీ మహంకాళి గుడి మాకు దగ్గరే. ఆ కథలోనూ పటాలం ఉంది. 1813లో సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఆయన పటాలంతో ఉజ్జయిని వెళ్లారట. ఇక్కడ కలరా వచ్చిందని విని అమ్మవారికి మొక్కుకున్నారట. తిరిగొచ్చాక 1815లో ప్రతిష్ఠించింది చెక్క విగ్రహాన్నే.

గల్లీలో డప్పులు మొదలయ్యాయి. ఎవరైనా తగులుతారేమోనని గిటార్‌ని మెడ పట్టుకుని ఎత్తాను. అరచేయి వెనక పలకకి ఆనింది. పలక వణుకుతోంది. ఇంకా తీగల్లేవు, బ్రిడ్జి లేదు. బయట డప్పు పడ్డప్పుడల్లా లోపల పెట్టె పలుకుతోంది. నా గిటార్ మొదట వాయించింది తీన్మార్!

పాలిష్ పట్టేటప్పుడు బ్రిడ్జి చోటుకి టేప్ అంటించి ఉంచాను. పూత మీద జిగురు సరిగా పట్టదు మరి. ఆరు స్టీలు తీగలూ కలిపి దాదాపు 70 కిలోల బలంతో లాగుతాయి. ఆగస్టులో బ్రిడ్జి అతికించి, తీగలు బిగించి, మొదట చాచా దగ్గరికే తీసుకెళ్లాను. వాయించడం ఆయనకి రాదు. తిప్పి వెనక పలక నిమిరి, "సుఖ్ గయా" అన్నారు. ఆరిందట. అంతకంటే మంచి రివ్యూ నాకు వద్దు.

ఇంటికొచ్చాక అమ్మ కూడా ముందు వెనక్కే తిప్పింది. గొళ్లెం బెజ్జం పూడ్చిన చోట వేలు పెట్టి, "ప్రతి దసరాకీ మీ తాత ఈ తలుపుని నూనె గుడ్డతో తుడిచేవాడు" అంది.

ఏడాదికోసారి ఈ గిటార్‌కీ నూనె పట్టాలి. ఎప్పుడు పట్టాలో ఇక నాకు వేరే రిమైండర్ అక్కర్లేదు.